పార్కులో పడిపోయిన బంగారాన్ని మెటల్ డిటెక్టర్ నిజంగా పట్టిస్తుందా?

తిరుపతి వాళ్లకు మెటల్ డిటెక్టర్ కొత్తేమీ కాదు. అలిపిరి దగ్గర, క్యూ కాంప్లెక్సుల దగ్గర రోజూ దాన్ని దాటుకునే పోతుంటారు. అందుకే పార్కులో గొలుసో ఉంగరమో జారిపోయిందని తెలియగానే ఇంట్లో ఎవరో ఒకరు "ఆ మిషన్ ఒకటి తెప్పిస్తే సరిపోతుంది కదా" అంటారు, ఇంకొకరు ఫోన్‌లో యాప్ వెతుకుతారు, మూడో మనిషి అంజనం వేసేవాళ్ల ఊరు చెబుతారు. ఏడుకొండలవాడికి ముడుపు కట్టాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. మిషన్ సంగతి మాత్రం లెక్క వేసి చూడొచ్చు.

డిటెక్టర్ జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒక్కటే: నా కింద కరెంటు పారే వస్తువేదైనా ఉందా? కాస్త మంచి మిషన్ అయితే అది ఏ తరహా లోహం కావచ్చో ఒక అంకె కూడా చూపిస్తుంది. అంతే. పార్కులో ఏ మూల వెతకాలి, మోగిన చోటల్లా తవ్వాలా, దొరికింది ఎవరిది, ఇవేవీ దానికి తెలియవు. పోయిన నగ దొరకడం దొరకకపోవడం చాలావరకు తేలేది ఈ మూడు విషయాల్లోనే, మిషన్ ఖరీదులో కాదు.

ముందు ఫోన్ యాప్ సంగతి చూసేద్దాం, ఎందుకంటే ఎక్కువమంది మొదట చేసే పని అదే, ఎక్కువ సమయం వృథా అయ్యేదీ అక్కడే. ఫోన్‌లో దిక్సూచి కోసం ఒక సెన్సర్ ఉంటుంది, అది అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. ఇనుము దగ్గరికి వస్తే ఆ క్షేత్రం మారుతుంది కాబట్టి యాప్ కీచుమంటుంది. బంగారం, వెండి అయస్కాంతానికి స్పందించవు, కాబట్టి రెండు సవర్ల గొలుసు మీద ఫోన్ ఆనించి పెట్టినా యాప్ నోరు మెదపదు. తాడుకు పెద్ద అయస్కాంతం కట్టి గడ్డి మీద లాగే వాళ్లదీ ఇదే తప్పు. దానికి అంటుకునేవి పిన్నీసులు, జడపిన్నులు, సోడా మూతలు, ఇంకా ఒక రూపాయి, రెండు రూపాయల నాణేలు. అవును, ఆ నాణేలు చాలా ఏళ్లుగా అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీల్‌తోనే వస్తున్నాయి.

అసలు డిటెక్టర్ పనిచేసే తీరు వేరు. కర్ర చివర గుండ్రంగా ఉండే భాగాన్ని కాయిల్ అంటారు, అందులో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి, ఆ కరెంట్లు తమ క్షేత్రాన్ని తిరిగి పైకి పంపుతాయి, రెండో తీగచుట్ట దాన్ని అందుకుంటుంది. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ మధ్య కొద్దిపాటి ఆలస్యం ఉంటుంది, ఆ ఆలస్యం ఎంత అన్నది లోహంలో కరెంటు ఎంత సులువుగా పారుతుంది, వస్తువు ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అన్నవాటిని బట్టి ఉంటుంది. తెర మీద కనిపించే అంకె ఆ ఆలస్యమే, బంగారానికి ప్రత్యేకంగా కేటాయించిన అంకె అంటూ ఏదీ లేదు. కొన్ని మిషన్ల మీద "గోల్డ్ మోడ్" అని రాసి ఉంటుంది, అది చిన్న వస్తువులకు తగ్గట్టు సెట్టింగులు మార్చే బటన్ మాత్రమే, దాన్ని నొక్కగానే మిషన్‌కు కంసాలి కళ్లు రావు.

లోహాలన్నిటిలో కరెంటు బాగా పారేది వెండిలో, తర్వాత రాగి, తర్వాత బంగారం, ఆ తర్వాత అల్యూమినియం. ఈ వరస చూస్తే బంగారం ఉంగరానికి అల్యూమినియం ముక్క కంటే పెద్ద అంకె రావాలి అనిపిస్తుంది. నిజంగా అలా జరగదు, ఎందుకంటే ఉంగరం చిన్నది, సన్నది, పైగా మనం వేసుకునేది మేలిమి బంగారం కాదు. 22 క్యారెట్లంటే నూటికి 91.6 వంతులు బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి, ఆ కలిపిన లోహం వల్ల కరెంటు పారే గుణం బాగా తగ్గుతుంది. దాంతో ఉంగరం అంకె వచ్చి వచ్చి సరిగ్గా నలిగిన అల్యూమినియం రేకు, మాత్రల స్ట్రిప్, సిగరెట్ పెట్టెలోని రేకు చూపించే అంకెల మధ్యన పడుతుంది. అంటే రేకుల గోల వద్దని ఆ అంకెలన్నీ కొట్టేసేలా మిషన్‌ను సెట్ చేస్తే ఉంగరం కూడా వాటితోపాటే కొట్టుకుపోతుంది. చాలామంది "మిషన్‌తో అంతా తిరిగాం, ఏమీ లేదు" అని వెనక్కి వచ్చేయడానికి అసలు కారణం ఇదే కావచ్చు. నగ అక్కడే ఉంటుంది, మిషన్‌కు చెప్పకూడదని వాళ్లే చెప్పి ఉంటారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. యూట్యూబ్‌లో కనిపించే డిటెక్టర్ వీడియోలు చాలావరకు అమెరికా, ఇంగ్లండ్ వాళ్లవి, అక్కడ ఎక్కువగా వాడేది 14 క్యారెట్లు, 9 క్యారెట్ల బంగారం. ఆ వీడియోల్లో "బంగారం ఈ అంకె దగ్గర వస్తుంది" అని చెప్పేది మన 916 నగకు సరిపోదు, మనది కాస్త పైకి రావచ్చు. దీనికి మంచి విరుగుడు ఒకటుంది, ఖర్చు కూడా లేదు. పోయిన నగ లాంటిదే, దాదాపు అదే బరువున్నది ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే తెచ్చి, పార్కులోనే ఆ గడ్డి మీదే పెట్టి, మిషన్ దాని మీద నాలుగైదు సార్లు ఊపి వచ్చే అంకెను, శబ్దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆ తెచ్చిన నగకు ఎర్రదారం కట్టి, దారం కొస ఒకరి చేతిలో ఉంచడం మర్చిపోకూడదు, లేకపోతే వెతకాల్సినవి రెండవుతాయి.

ఆకారం సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ అసలు కథంతా అందులోనే ఉంది. ఉంగరం, గాజు లాంటివి మూసుకున్న వలయాలు. సుడి కరెంటు వాటి చుట్టూ హాయిగా తిరుగుతుంది, సిగ్నల్ గట్టిగా వస్తుంది. అదే వలయం ఒకచోట తెగి ఉంటే, అంటే విరిగిన ఉంగరమో కొక్కెం తెరుచుకున్న రింగో అయితే, బరువు అంతే ఉన్నా సిగ్నల్ బాగా పడిపోతుంది. గొలుసు ఇంకా ఘోరం. రెండు సవర్ల గొలుసు అంటే 16 గ్రాములు, నాలుగు గ్రాముల ఉంగరం కంటే నాలుగు రెట్లు బంగారం, కాబట్టి నాలుగు రెట్లు గట్టిగా మోగాలి కదా అనుకుంటాం. మిషన్‌కు అది గొలుసుగా కనిపించదు, వందలాది చిన్న చిన్న లంకెలుగా కనిపిస్తుంది, ఒక్కో లంకెలో పుట్టే కరెంటు పక్క లంకెలోకి సరిగా పారదు. సన్న గొలుసులు కాయిల్ కింద నుంచే చప్పుడు లేకుండా జారిపోయేది అందుకే. గొలుసును పట్టించేది దాని కొక్కెం, లేదా లాకెట్.

తాళిబొట్టు పోయినప్పుడు కొంత నయం. గొలుసు మోగకపోయినా రెండు పుస్తెలు బిళ్లల్లాగా ఉంటాయి కాబట్టి మోగుతాయి, పసుపుతాడుకు కట్టినవైనా అంతే. నల్లపూసలు గాజు, వాటి ఊసు మిషన్‌కు అక్కర్లేదు. వజ్రాల కమ్మ పోతే రాయి కనబడదు, దాన్ని పట్టి ఉంచిన బంగారమే కనబడాలి. వెండి పట్టీలు, మెట్టెలు పోతే అదృష్టమనే చెప్పాలి, వెండి కాబట్టి మెట్టె బాగా మోగుతుంది, పట్టీలో మువ్వలు, మర అన్నీ కలిసి పనికొస్తాయి. అన్నిటికంటే కష్టం ముక్కుపుడక. అర గ్రాము కూడా ఉండని వస్తువు మామూలు మిషన్‌కు రెండు మూడు అంగుళాల లోతులోనే దొరకకుండా పోతుంది, దాని కోసం చిన్న కాయిల్, ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న మిషన్ కావాలి, అప్పుడు కూడా మోకాళ్ల మీద కూర్చుని గడ్డి దువ్వడమే మేలు.

లోతు గురించి అనవసరంగా టెన్షన్ పడుతుంటారు. మధ్యరకం మిషన్లు ఉంగరాన్ని ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు వరకు పట్టగలవు, కానీ నిన్న పడిపోయిన ఉంగరం ఎనిమిది అంగుళాల లోతుకు ఎందుకు పోతుంది? లాన్‌లో అయితే అది గడ్డి పరకల మధ్యో, వేళ్ల మీద పేరుకున్న ఎండుగడ్డిలోనో ఉంటుంది, ఒక అంగుళం లోపే. ఇసుక వేరు. స్వర్ణముఖి ఇసుకలోనో పిల్లల ఆటస్థలంలో పోసిన ఇసుకలోనో పడితే కాళ్ల కింద కదిలే కొద్దీ దిగిపోతుంది, బంగారం ఇసుక రేణువు కంటే ఆరేడు రెట్లు బరువు కాబట్టి. లాన్‌లో పడిన నగకు అసలు శత్రువులు మూడు: గడ్డి కోసే మిషన్, పొద్దున ఊడ్చే చీపురు, వాన. కార్తీక వనభోజనాలకు ఉసిరిచెట్టు కింద జనం చేరేదీ, ఈశాన్య రుతుపవనాలు తిరుపతిని తడిపేదీ ఒకే కాలం కాబట్టి, ఆ రోజుల్లో పోయిన నగను బురద కాళ్లు తొక్కేలోపే వెతకాలి.

ఎక్కడ వెతకాలి అనేది అసలు పని. లెక్క చూడండి. కాయిల్ వెడల్పు 28 సెంటీమీటర్లు అనుకుందాం, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడేలా మెల్లగా ముందుకు జరగాలి, అంటే ఊపుకు 14 సెంటీమీటర్లు. ఒక్కో ఊపు మీటరున్నర వెడల్పు, రెండు సెకన్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న జాగాకు దాదాపు 500 ఊపులు, ఎక్కడా ఆగకుండా 17 నిమిషాలు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, ఆగకుండా చేసినా పదకొండు గంటలు దాటుతుంది. మన పార్కుల్లో ఆగకుండా చేయడం అనేదే లేదు, నాలుగడుగులకో మూత, పదడుగులకో రేకు మోగుతాయి. కాబట్టి పార్కంతా వెతుకుదాం అనే ఆలోచన మొదటి గంటలోనే వదిలేయాలి. చోటును ఇరవై మీటర్లకు కుదించగలిగితే మిషన్ అవసరం, కుదించలేకపోతే మిషన్ ఉన్నా లేనట్టే.

కుదించడానికి చేతిలో ఉన్న మంచి ఆధారం ఫోన్‌లోని ఫొటోలు. వనభోజనానికి వెళ్లినా పిల్లలతో ఊయల దగ్గరికి వెళ్లినా ఈరోజుల్లో సెల్ఫీ లేకుండా ఎవరూ తిరిగిరారు. అందరి ఫోన్లలోని ఫొటోలు ఒకచోట చేర్చి, టైమ్ ప్రకారం వరసలో పెట్టి, మెడలో గొలుసు కనిపించిన చివరి ఫొటో ఏది, కనిపించని మొదటి ఫొటో ఏది అని చూస్తే చాలు. 4:10 ఫొటోలో ఉంది, 4:35 ఫొటోలో లేదు అంటే ఆ పాతిక నిమిషాల్లో మనిషి ఎక్కడెక్కడ తిరిగిందో ఆ దారే వెతకాల్సిన చోటు. ఉంగరానికైతే చేతులు జూమ్ చేసి చూడాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో తీసిన టైమ్ కాకుండా పంపిన టైమ్ కనిపిస్తుంటుంది, అందుకే అసలు ఫొటో తీసిన ఫోన్‌లోనే చూడాలి.

రెండో ఆధారం ఆ సమయంలో చేసిన పనులు. నగ నడుస్తుండగా తనంతట తాను ఊడి పడేది తక్కువ. చున్నీ లాగినప్పుడు కమ్మకు చిక్కుకుని శీల ఊడుతుంది, హెల్మెట్ తీసినప్పుడు జుంకా పోతుంది, ఒళ్లో పిల్లాడు గొలుసు పట్టుకుని వేలాడతాడు, అన్నం తిని కొళాయి దగ్గర సబ్బుతో చేతులు కడిగితే వదులు ఉంగరం నురగతో పాటే జారుతుంది. పొద్దున చలికి వేళ్లు కాస్త సన్నబడతాయి కాబట్టి మార్గశిర, పుష్య మాసాల్లో వాకింగ్‌కు వెళ్లేవాళ్ల ఉంగరాలు చేయి విదిలిస్తే చాలు ఎగిరిపోతాయి. కాబట్టి "ఎక్కడ పోయింది" అని అడిగితే జవాబు రాదు, "ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ లేచారు, ఎక్కడ కడుక్కున్నారు, ఎవర్ని ఎత్తుకున్నారు" అని అడిగితే మూడు నాలుగు చోట్లు బయటికి వస్తాయి. చాప పరిచిన చోటు, చాప దులిపిన చోటు రెండూ వేరని ఎవరికీ గుర్తుండదు, చాలాసార్లు దొరికేది దులిపిన చోటే.

ఇంత చేశాక కూడా మిషన్‌ను కాసేపు పక్కన పెట్టడమే మంచిది. చీకటి పడ్డాక టార్చ్‌ను నేలకు ఆనించినంత కిందికి పెట్టి, వెలుతురు గడ్డి మీద అడ్డంగా పారేలా మెల్లగా తిప్పితే పగలు పక్కనే నిలబడినా కనిపించని ఉంగరం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. పేవర్ టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్ మీద ఈ పద్ధతే దిక్కు, ఎందుకంటే టైల్స్ సందుల్లో పడినదాన్ని కంటితో చూడగలం కానీ కింద కాంక్రీటు, అందులో ఇనుప చువ్వలు ఉంటే మిషన్ ఊరికే మోగుతూనే ఉంటుంది. తర్వాత పార్కు ఊడ్చేవాళ్లను అడగాలి, అడిగే తీరులో అడగాలి. నగ పోగానే పనిమనిషి మీదో ఊడ్చే మనిషి మీదో అనుమానం పడటం మన దగ్గర మామూలే, ఆ అనుమానంతో అడిగితే ఎవరూ నోరు విప్పరు. వాళ్లను అడగాల్సింది ఆకులు ఎటు ఊడ్చారు, కుప్ప ఎక్కడ పోశారు, బండి ఎప్పుడు వస్తుంది అని. లాన్‌లో పోయిన నగ ఆకుల కుప్పలో చేరడానికి చాలా అవకాశం ఉంది. ఆ కుప్పను టార్పాలిన్ మీద పలచగా పరిచి దాని మీద డిటెక్టర్ తిప్పితే ఎకరం పని పది నిమిషాల్లో తేలుతుంది.

సరే, చోటు తెలిసింది, మిషన్ వచ్చింది. నాలుగు మూలలా చిన్న కర్రలు పాతి తాడు కట్టి, మీటరున్నర వెడల్పు వరసలుగా విడగొట్టుకోవాలి. ఒకసారి నిలువుగా, ఇంకోసారి అడ్డంగా. కాయిల్ నేలకు సమాంతరంగా, గడ్డిని తాకీ తాకనట్టు ఉండాలి, కొత్తవాళ్లు ఊపు చివర కాయిల్‌ను పైకి లేపేస్తారు, అక్కడ లోతంతా పోతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో చాలాచోట్ల ఎర్రనేల, అందులోని ఇనుప ఖనిజం మిషన్‌ను గందరగోళపెడుతుంది, అందుకే మొదలుపెట్టే ముందు లోహం లేని చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోవాలి, అంటే నేల నుంచి వచ్చే సిగ్నల్‌ను పట్టించుకోకుండా మిషన్‌ను సర్దుకోవాలి. పార్కు మట్టి చాలాసార్లు ఎక్కడి నుంచో తెచ్చి పోసింది, దానితోపాటు మేకులు, బైండింగ్ వైరు ముక్కలు కూడా వస్తాయి. వినాయక సాగర్ లాంటి చోట గట్టు పక్కన ఏటా నిమజ్జనమయ్యే విగ్రహాల చట్రాల మేకులు, తీగలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఇనుప బెంచీ, ఊయల స్తంభం, కంచె పక్కన రెండడుగుల మేర మిషన్ మాట నమ్మకూడదు. దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ స్వయంగా ఒక లోహ శోధక పరికరం తయారుచేసి తీసుకెళ్లాడు. తూటా దొరకలేదు. పరుపులో ఉన్న లోహపు స్ప్రింగులు అడ్డుపడ్డాయని చెబుతారు. మన పార్కులో స్ప్రింగుల స్థానంలో బెంచీ కాళ్లుంటాయి, అంతే తేడా. బెంచీ కింద చేత్తోనే తడమాలి, లేదా సెక్యూరిటీ వాళ్లు ఒంటి మీద తిప్పే చేతి స్కానర్ లాంటిది, పిన్‌పాయింటర్ అనే చిన్న చేతి డిటెక్టర్ లాంటిది వాడాలి, వాటికి అందేది రెండు మూడు అంగుళాలే కాబట్టి పక్కనున్న ఇనుము అంతగా అడ్డురాదు.

మోగిన ప్రతిచోటా తవ్వడం మొదలుపెడితే మాత్రం అరగంటలో తోటమాలి వస్తాడు, రావాలి కూడా. ఇటీవల పోయిన నగ కోసం తవ్వాల్సిన అవసరమే రాకూడదు. శబ్దం గట్టిగా, తెగినట్టుగా వస్తే వస్తువు పైపైనే ఉందని అర్థం, అక్కడ వేళ్లతో గడ్డి విడదీస్తే చాలు. లీలగా, లోతుగా వినిపిస్తే అది ఏనాటి మేకో. ఏళ్ల క్రితం పోయినదాని కోసమైతే కథ వేరు, అప్పుడు మూడు వైపులా కోసి గడ్డిని మూతలా తెరిచి, మట్టిని గుడ్డ మీద వేసి, చూసుకుని, మళ్లీ అలాగే మూసి నీళ్లు పోయాలి. అదీ పార్కు నిర్వహించేవాళ్లు సరేనంటేనే. లాన్ కింద స్ప్రింక్లర్ పైపులు, లైట్ల కరెంటు కేబుళ్లు ఉంటాయి, గునపంతో పొడిచాక తెలుసుకునే విషయం కాదది.

మిషన్ కొనాలా అంటే, ఒక్క నగ కోసమైతే అక్కర్లేదు. గారెట్, మైన్‌ల్యాబ్, నోక్తా లాంటి కంపెనీల మధ్యరకం మిషన్ ఉన్నవాళ్లెవరైనా దొరికితే అడిగి తెచ్చుకోవడమో, మనిషిని పిలిపించుకోవడమో మేలు. బొమ్మల్లాంటి చౌక మిషన్లు నాణేన్ని రెండు అంగుళాల్లో పట్టుకుంటాయి కానీ సన్న కమ్మను పట్టలేవు. వీటన్నిటికంటే ప్రమాదం "50 మీటర్ల దూరం నుంచే బంగారాన్ని చూపించే" యాంటెనా కడ్డీల మిషన్లు. చిన్న వస్తువు నుంచి వచ్చే సిగ్నల్, దూరం రెట్టింపైతే సుమారు 64వ వంతుకు పడిపోతుంది, అరడుగు దగ్గర వినిపించేది మూడడుగుల దగ్గర వినపడదు, ఇక 50 మీటర్ల మాట చెప్పక్కర్లేదు. ఇరాక్‌కు బాంబు డిటెక్టర్ల పేరుతో అమ్మిన ఏడీఈ 651 అనే పరికరం ఇదే జాతిది, లోపల పనిచేసేది ఏమీ లేదు, అమ్మిన బ్రిటన్ వ్యాపారి జేమ్స్ మెకార్మిక్‌కు 2013లో పదేళ్ల జైలు శిక్ష పడింది. బియ్యపు గింజల్ని లాక్కునే మహిమ ఉందని నమ్మించి అమ్మే రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో మోసపోయిన కథలు విన్న జిల్లాకు ఇంతకంటే విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

ఇక్కడే స్థానికంగా ఉన్న అసలు ఇబ్బంది వస్తుంది. ఇంగ్లండ్‌లో డిటెక్టర్ పట్టుకుని పార్కులో నడిచే మనిషిని చూస్తే సరదాకు తిరుగుతున్నాడు అనుకుంటారు. రాయలసీమలో అలా అనుకోరు, గుప్తనిధుల ముఠా అనుకుంటారు. పాత గుళ్లు, కోటలు తవ్వి విగ్రహాలు పెకలించిన ఘటనలు ఇక్కడ అన్ని జరిగాయి కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. అందుకే నగ పోయినవాళ్లు వెంట ఉండగా, పట్టపగలు, కార్పొరేషన్ పార్కయితే కార్పొరేషన్ వాళ్లకు, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వాళ్లదైతే తుడాకు ఒక కాగితం రాసిచ్చి, పోలీస్ స్టేషన్‌లో నగ పోయినట్టు ఇచ్చిన ఫిర్యాదు కాపీ జేబులో పెట్టుకుని వెతకడమే అందరికీ క్షేమం. తెల్లవారుజామున నలుగురు యువకులు కర్ర, పార పట్టుకుని వెళితే ఎంత నిజాయితీపరులైనా వివరణ స్టేషన్‌లో ఇచ్చుకోవాల్సి వస్తుంది.

కొన్నిచోట్ల అనుమతి అడగడం కూడా వృథా. చంద్రగిరి కోట, గుడిమల్లం పరశురామేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, 1958 చట్టం ప్రకారం అక్కడ అనుమతి లేకుండా తవ్వడం నేరం. పిక్నిక్‌కు వెళ్లి కోట లాన్‌లో ఉంగరం పోగొట్టుకుంటే అక్కడి సిబ్బందికి చెప్పి, కళ్లతో వెతుక్కోవడం వరకే. శేషాచలం అడవిలో అయితే ఎర్రచందనం దొంగల కోసం నిఘా ఎప్పుడూ ఉంటుంది, డిటెక్టర్‌తో లోపల దొరికితే ఉంగరం కథ ఎవరూ వినరు. వెతుకుతుంటే పార్కులోనే పాత నాణేలో, పాతకాలపు నగో బయటపడ్డా అది దొరికినవాళ్ల సొత్తు కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, మట్టిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి, దాచిపెడితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ.

మామూలు నగ, కానీ మనది కాదు, అలాంటిది దొరికితే? "దొరికినవాడిదే" అన్నది పిల్లల ఆటల్లో చెల్లుతుంది, చట్టంలో చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ప్రకారం సొంతదారు ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే దారి ఉండీ ప్రయత్నించకుండా వాడుకుంటే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల జైలు, జరిమానా. జాగ్రత్తపరచి ఇవ్వాలనే ఉద్దేశంతో తీసుకుంటే తప్పు కాదు. అయితే ముందు అది బంగారమో కాదో తేలాలి, ఎందుకంటే వన్ గ్రామ్ గోల్డ్ నగలు లోపల రాగో ఇత్తడో కాబట్టి అవి కూడా డిటెక్టర్‌కు బ్రహ్మాండంగా మోగుతాయి.

సొంతదారును వెతకడానికి ఇప్పుడు ముందు లేని దారి ఒకటి వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి షాపుల్లో అమ్మే హాల్‌మార్క్ నగ ప్రతిదాని మీదా ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది. భూతద్దంతో దాన్ని చదివి, హాల్‌మార్కింగ్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగకు హాల్‌మార్క్ వేయించిన షాపు ఏదో, నగ రకం ఏంటో, స్వచ్ఛత ఎంతో కనిపిస్తుంది. ఆ షాపుకు వెళితే బిల్లు ద్వారా మనిషి దొరికే అవకాశం ఉంది. పోగొట్టుకున్నవాళ్లకు కూడా బిల్లు దాచుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. రెండు గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి ముక్కుపుడక విషయంలో ఇది కూడా పనికిరాదు, పాపం దానికి ఎటూ కలిసిరావడం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో "ఉంగరం దొరికింది" అని పెట్టేటప్పుడు ఫొటో పెట్టకూడదు, రాయి రంగో లోపలి అక్షరమో ఒక గుర్తును దాచి ఉంచి, వచ్చినవాళ్లనే చెప్పమనాలి. పోలీసులకు అప్పగిస్తే వాళ్లు మేజిస్ట్రేట్‌కు తెలియజేస్తారు, సొంతదారు ఆరు నెలల్లోగా రావాలని మేజిస్ట్రేట్ ప్రకటన ఇస్తారు.

చివరిగా డబ్బు మాట. మిషన్ తెచ్చి రోజంతా ఎండలో వెతికి ఇచ్చినవాళ్లకు ఏమివ్వాలి అన్నది తరచూ మనస్పర్థలకు దారితీస్తుంది. 1872 కాంట్రాక్ట్ చట్టం 168వ సెక్షన్ దీన్ని చాలా తెలివిగా తేల్చింది. తనంతట తాను పడిన శ్రమకు, ఖర్చుకు దొరికించినవాడు సొంతదారు మీద దావా వేయలేడు, కానీ ఆ ఖర్చు ఇచ్చేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. సొంతదారు ఇంత బహుమతి ఇస్తానని ముందే ప్రకటించి ఉంటే మాత్రం ఆ మొత్తం కోసం కోర్టుకు వెళ్లే హక్కు కూడా ఉంది. కాబట్టి డిటెక్టర్ మనిషిని పిలిచేవాళ్లు రానుపోను ఖర్చు ఎంత, దొరికితే ఎంత, దొరక్కపోతే ఎంత అనేది మొదటి ఊపు ఊపకముందే మాట్లాడుకుని, ఫోన్‌లో ఒక మెసేజ్‌గా పెట్టుకుంటే సరిపోతుంది.